మంథని శాసనసభ్యుడు

పాములపర్తి వేంకట నరసింహారావు పేరు వినగానే నేటి విద్యార్థికి స్ఫురించేది 1991 నుండి 1996 వరకు దేశాన్ని పాలించిన ప్రధానమంత్రి. దక్షిణ భారతం నుండి ఆ పదవిని అధిష్ఠించిన మొదటి వ్యక్తి ఆయన. ఆర్థిక సంస్కరణలకు ఆద్యుడుగా ఆయనకు పేరు నిలిచింది. మరణానంతరం, 2024లో, భారతరత్న పురస్కారం ప్రకటింపబడింది. ఈ కీర్తి చాటున మరొక సుదీర్ఘ జీవితం మరుగున పడిపోయింది. 1957 నుండి 1977 వరకు, ఇరువది సంవత్సరాలపాటు, ఆయన గోదావరి తీరంలోని మంథని నియోజకవర్గానికి శాసనసభ్యులు. ఆ కాలంలో సుమారు తొమ్మిదేళ్ళు రాష్ట్రమంత్రి, పదిహేను నెలలు ముఖ్యమంత్రి. నాలుగు పర్యాయాలు వరుసగా ఒకే నియోజకవర్గ ప్రజలు ఆయనను ఎన్నుకొన్నారు. ఢిల్లీలో ఆయన చేసిన పనులను గూర్చి గ్రంథాలు అనేకం వెలువడినవి. మన ఊళ్ళలో, మన బడులలో, మన పొలాలలో ఆయన పాలన ముద్ర ఎట్లా పడినదో తెలిసికోవాలంటే మాత్రం ఈ ఇరవై ఏళ్ళ వైపు చూడాలి.

పి.వి. 1921 జూన్ 28న వరంగల్లు జిల్లా నర్సంపేట సమీపంలోని లక్నేపల్లిలో జన్మించారు. అది ఆయన మాతామహుల గ్రామం. పెరిగినది ఆనాటి కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామంలో. వందల ఎకరాల భూమి కలిగిన పాములపర్తి వారి కుటుంబం ఆయనను దత్తత చేసికొన్నది. ఈ విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. తరువాతి కాలంలో ఆయన చేసిన భూపరిమితి చట్టం తాకిన గడపలలో ఆయన సొంత గడప కూడ ఉన్నది.

ఆనాటి హైదరాబాదు సంస్థానంలో ప్రజలలో అత్యధికుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. పాలనకు, న్యాయస్థానాలకు, ఉన్నత విద్యకు మాత్రం భాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన అంతా ఉర్దూలోనే సాగేది. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, పురాణ కాలక్షేపంలో సంస్కృతం, సరిహద్దు దాటితే మరాఠీ. ఇట్టి వాతావరణంలో పెరిగిన బాలునికి బహుభాషా పరిచయం సహజంగానే అబ్బింది. దానితోపాటు మరొక సంగతి కూడ చిన్ననాడే బోధపడి ఉంటుంది. సర్కారు మాట్లాడే భాష తెలియని రైతు కచేరిలో ఎంత నిస్సహాయుడో గ్రహించడానికి ఆ రోజులలో పుస్తకాలు చదువవలసిన అవసరం లేదు. తన భూమికి సంబంధించిన కాగితాన్ని మరొకరిచేత చదివించుకొని, వారు చెప్పినదే నమ్మి, వేలిముద్ర వేసి వచ్చేవాడు.

1938లో ఉస్మానియా విద్యార్థుల వందేమాతర ఉద్యమం చెలరేగింది. వసతిగృహాలలో ప్రార్థనా సమయాన వందేమాతర గీతం పాడరాదని అధికారులు నిషేధించడం దానికి కారణం. ఆ ఉద్యమం వరంగల్లు కళాశాలకు ప్రాకింది. బహిష్కృతులైన విద్యార్థులలో పి.వి. ఒకరు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడేళ్ళు, చదువుతున్నది ఇంటర్మీడియట్. సంస్థానంలో ఏ కళాశాలలోను చేర్చుకొనక త్రోసిపుచ్చిన ఆ విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. అక్కడ ఇంటర్మీడియట్, పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో బి.ఎస్‌సి., మరల నాగపూర్‌లో న్యాయశాస్త్రం. ఈ ప్రవాసమే ఆయనను మరాఠీ సాహిత్యంలో నిష్ణాతునిగా చేసింది. తిరిగివచ్చిన పిమ్మట బూర్గుల రామకృష్ణారావు గారి వద్ద జూనియర్ న్యాయవాదిగా పనిచేశారు. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ పోరాటంలో చేరి, 1947-48లో సంస్థానపు సరిహద్దు వెలుపల చాందా శిబిరంలో పాల్గొన్నారు. సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత వరంగల్లు నుండి వెలువడిన 'కాకతీయ' పత్రికలో పాములపర్తి సదాశివరావుతో కలిసి రచనలు చేశారు. 'గొల్ల రామవ్వ' అనే కథ ఆ కాలపుదే. ఉద్యమంలోని ఒక యువకుని నిజాం పోలీసుల బారి నుండి కాపాడిన ముసలి స్త్రీ అందులోని నాయిక. ఆమె రాజకీయాలు తెలిసిన మనిషి కాదు. అయినా ఎవరి పక్షాన నిలువవలెనో ఆమెకు తెలుసు.

1952 ఎన్నికలలో పి.వి. పోటీచేసి ఓడిపోయారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత, 1957లో మంథని నుండి గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. మంథని ప్రాచీనమైన వేదవిద్యా స్థానం. మంత్రపురి అని దానికి వ్యవహారం ఉన్నది. పట్టణం దాటితే అడవులు, గుట్టలు, వానను నమ్ముకొన్న పొలాలు. పండితుల వాడకు, పశువుల కాపరుల పల్లెకు ఒకే ప్రతినిధిగా ఉండవలసిన నియోజకవర్గం అది.

పండితుడు పాలకుడు కావడం తెలుగువారికి కొత్త విషయం కాదు. తిక్కన సోమయాజి నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. ప్రభువుకు ఆపద వచ్చినపుడు ఓరుగల్లుకు వెళ్ళి కాకతీయ గణపతిదేవుని సహాయం అర్థించాడని ప్రసిద్ధి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతికి విశేషమైన స్థానమిచ్చాడు. అయితే ఆనాటి మంత్రికి ఒక్క ప్రభువును మెప్పిస్తే చాలు. ప్రజాస్వామ్యంలో మంత్రి అయిన పండితునికి ఓటరు, పార్టీ, అధికారి, న్యాయస్థానం అని నలుగురు ప్రభువులు. పి.వి. జీవితంలోని చిక్కులన్నీ ఈ నలుగురిని ఏకకాలంలో మెప్పించవలసి రావడం వల్ల ఏర్పడినవే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1962లో ఆయన మంత్రి అయ్యారు. న్యాయం, సమాచారం, దేవాదాయం, వైద్యం, ఆరోగ్యం, విద్య – ఒకదాని తరువాత ఒకటిగా ఈ శాఖలన్నీ 1971 వరకు ఆయన చేతుల మీదుగా నడిచినవి. దేవాలయాల పాలనకు సంబంధించిన 1966 నాటి చట్టం ఆయన దేవాదాయ శాఖ మంత్రిగా ఉన్న కాలంలోనే వచ్చింది. దానిని ఇక్కడ విస్తరించి చెప్పనవసరం లేదు. అదే సంవత్సరం వచ్చిన మరొక చట్టం మనకు మరింత దగ్గరిది.

అది ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం. రాష్ట్రానికి తెలుగు అధికార భాష అని ఈ చట్టం ప్రకటించింది. న్యాయశాఖ అప్పుడు పి.వి. వద్దనే ఉన్నది. భాష పేరిట రాష్ట్రం ఏర్పడి పదేళ్ళు గడిచిన పిమ్మట ఈ చట్టం రావడం కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. కాని దాని వెనుక ఉన్న ఇబ్బందిని గమనించాలి. కోస్తా, రాయలసీమ కచేరీలు ఇంగ్లీషుకు అలవాటుపడినవి. తెలంగాణ కచేరీలు ఉర్దూకు అలవాటుపడినవి. ఒకచోట అడంగల్ అన్నదానిని మరొకచోట పహాణీ అంటారు. ఇక్కడ మాగాణి అన్నది అక్కడ తరి. ఇక్కడి మెట్ట అక్కడి ఖుష్కి. తెలుగులో ఉత్తర్వు వ్రాయమంటే ఏ మాటతో వ్రాయాలి? అందువల్ల చట్టం ఒక్కసారిగా అన్నిటిని మార్చక, ఏ పనికి ఏ తేదీ నుండి తెలుగు వాడాలో ప్రభుత్వం విడివిడిగా నిర్ణయించే పద్ధతిని ఏర్పరచింది. ఈ వెసులుబాటు మంచికీ చెడుకూ కూడ దారితీసింది. తొందరపాటు వల్ల కలిగే గందరగోళం తప్పింది. అయితే ఇష్టంలేని అధికారికి వాయిదా వేయడానికి సాకు కూడ దొరికింది. అమలును పర్యవేక్షించే అధికార భాషా సంఘం 1974లో గాని ఏర్పడలేదు. వావిలాల గోపాలకృష్ణయ్య గారు దాని మొదటి అధ్యక్షులు.

కచేరిలో తెలుగు నిలవాలంటే ముందు కళాశాలలో నిలవాలి. 1968లో పి.వి. విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆ సంవత్సరం ఆగస్టులోనే తెలుగు అకాడమి స్థాపితమైంది. ఆ సంస్థకు 1974 వరకు అధ్యక్షులుగా వ్యవహరించినవారు పి.వి.యే. భౌతికశాస్త్రాన్ని, అర్థశాస్త్రాన్ని, వృక్షశాస్త్రాన్ని తెలుగులో బోధించాలంటే ఉపన్యాసకునికి ఉత్సాహం ఒక్కటే చాలదు. పాఠ్యగ్రంథం కావాలి. దానికి ముందు పారిభాషిక పదాలు కావాలి. ఒక్కొక్క శాస్త్రానికి పదకోశం సిద్ధం చేయడం, ఆ పదాలతో పుస్తకాలు వ్రాయించడం, వాటిని విద్యార్థి కొనగల వెలకు అందించడం – ఇవన్నీ అకాడమి తలకెత్తుకొన్న పనులు. ఆ పదాలలో కొన్ని మరీ సంస్కృతభారంతో విద్యార్థిని బెదరగొట్టిన మాట నిజమే. త్వరణం, కిరణజన్య సంయోగక్రియ వంటివి మాత్రం నేడు పల్లెటూరి పిల్లల నోట కూడ తడబాటు లేకుండా పలుకుతున్నవి. పి.యు.సి. స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ విద్య 1969-70లో మొదలైంది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. మీరు ఇప్పుడు చదువుతున్న చదువు రూపుదిద్దుకొన్నది ఆ కాలంలోనే.

మంత్రిగా ఉంటూ ఆయన సాహిత్యాన్ని విడిచిపెట్టలేదు. విశ్వనాథ సత్యనారాయణ గారి బృహన్నవల 'వేయిపడగలు'కు పి.వి. చేసిన హిందీ అనువాదం 'సహస్రఫణ్' పేరుతో 1968లో వెలువడింది. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగులోకి తెచ్చారు. ఈ రెండు నవలల ఎంపిక ఆలోచింపదగినది. మొదటిది పాత గ్రామవ్యవస్థ కూలిపోతున్నదని బాధపడిన రచన. రెండవది అదే వ్యవస్థలో వితంతువు పడిన నరకాన్ని చూపిన రచన. పరస్పరం పొసగని ఈ రెంటినీ ప్రేమించి అనువదించిన మనిషి, సంప్రదాయాన్ని తెలిసికొని దాని అన్యాయాన్ని సరిదిద్దాలనుకొన్న పాలకుడు కావడం సహజమే.

1969లో తెలంగాణ ఉద్యమం తీవ్రరూపం దాల్చింది. ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోయారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని పద్నాలుగు స్థానాలలో పదింటిని తెలంగాణ ప్రజాసమితి గెలుచుకొన్నది. ఈ పరిస్థితులలో కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవి నుండి వైదొలిగారు. 1971 సెప్టెంబరు 30న పి.వి. ఆ పదవిని స్వీకరించారు. ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ ప్రాంతం నుండి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయన. ఆయనకు సొంత వర్గం లేదు. శ్రీమతి ఇందిరాగాంధీ ఆయనను ఎన్నుకోవడానికి అదియే కారణమని అనేకులు భావించారు. వర్గం లేనివానితో ఎవరికీ భయం లేదు. అయితే ఆపద వచ్చినపుడు అటువంటివానికి అండగా నిలిచేవారు కూడ ఉండరు.

పదవి చేపట్టిన రెండు నెలలలోపే, 1971 నవంబరులో, నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామంలో మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమైంది. పల్లెల్లో పుట్టిన తెలివైన పేదపిల్లలను ఎంపికచేసి, తిండి, బట్ట, వసతి కల్పించి, ఉపాధ్యాయుల సన్నిధిలోనే ఉంచి చదివించడం దీని పద్ధతి. మరుసటి సంవత్సరం గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోను ఇటువంటివే ఏర్పడినవి. మూడు ప్రాంతాలకు మూడు బడులు. ఇంటివద్ద దీపం లేని పిల్లవానికి రాత్రి చదువుకొనడానికి వెలుతురు, ఉదయం లేవగానే ఎదుట గురువు ఉండాలన్నది ఇందులోని సామాన్యమైన ఆలోచన. కేంద్రంలో మానవవనరుల అభివృద్ధి శాఖ మంత్రిగా 1985 తరువాత ఆయన నెలకొల్పిన నవోదయ విద్యాలయాలు ఈ మొలక నుండి ఎదిగినవే.

1972 మార్చిలో శాసనసభ ఎన్నికలు జరిగినవి. పాతకాపులను పలువురిని ప్రక్కనబెట్టి, కొత్తవారికి, వెనుకబడిన వర్గాలవారికి పెద్ద సంఖ్యలో పి.వి. అవకాశమిచ్చారు. 287 స్థానాలలో 219 కాంగ్రెసుకు దక్కినవి. అంతటి ఆధిక్యం చేతిలో ఉండగా ఆయన భూమి విషయాన్ని ఎత్తుకొన్నారు.

భూపరిమితి చట్టం రాష్ట్రంలో అంతకు ముందు లేకపోలేదు. 1961లో ఒకటి వచ్చింది. దాని ప్రకారం ఒక వ్యక్తి ఉంచుకొనదగిన భూమి, నేల స్వభావాన్ని బట్టి 27 ఎకరాల నుండి 324 ఎకరాల వరకు ఉండవచ్చు. మూడువందల ఎకరాలను పరిమితి అనడం మాటను అవమానించడమే. కుటుంబంలో ఒక్కొక్కరి పేరిట ఇంత భూమి చూపితే మిగులు అనేదే తేలదు. ఆ చట్టం వల్ల పేదలకు దక్కినది అత్యల్పం.

పి.వి. మొదట చేసిన పని కొత్త చట్టం తేవడం కాదు. దానికి దారి కట్టుదిట్టం చేయడం. పరిమితి రాబోతున్నదని తెలిసిన మరుక్షణం భూస్వామి ఏమి చేస్తాడు? కొడుకులకు, అల్లుళ్ళకు, నమ్మకమైన పాలేళ్ళకు దానపత్రాలు, విక్రయపత్రాలు వ్రాస్తాడు. చట్టం వచ్చేనాటికి కాగితాలమీద ఆయన చిన్నరైతు. దీనిని అడ్డుకొనడానికి 1972 మే 2 నుండి వ్యవసాయ భూముల బదలాయింపును ప్రభుత్వం నిషేధించింది. ఆ తరువాత భూపరిమితి బిల్లు శాసనసభ ఆమోదం పొందింది. 1973 జనవరి 1న రాష్ట్రపతి సమ్మతి లభించింది. ఆ సంవత్సరపు రాష్ట్ర చట్టాలలో ఒకటవ సంఖ్య దానిదే.

కొత్త చట్టం వ్యక్తిని విడిచి కుటుంబాన్ని కొలతగా తీసికొన్నది. భార్య, భర్త, మైనరు పిల్లలు కలిసి ఐదుగురికి మించని కుటుంబానికి మాగాణి అయితే 10 నుండి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుండి 54 ఎకరాలు. సారవంతమైన నేలకు తక్కువ, నిస్సారమైన నేలకు ఎక్కువ. ఐదుగురికి మించితే ఒక్కొక్కరికి మరి ఐదవవంతు, మొత్తం మీద రెట్టింపుకు మించరాదు. 1971 జనవరి 24 తరువాత జరిగిన బదలాయింపులను లెక్కలోనికి తీసికొనక, ఆ భూమి పాత యజమాని చేతిలోనే ఉన్నట్లు భావించాలన్న నియమం కూడ ఇందులో ఉన్నది. 324 నుండి 54కు దిగిన ఈ అంకెను చూస్తే ఆనాటి భూస్వాముల కలవరం ఎంతటిదో ఊహించవచ్చు. శాసనసభలో చేయెత్తి ఓటు వేసిన సభ్యులలో పలువురి ఇంట పరిమితికి మించిన భూమి ఉన్నది. పి.వి. తన కుటుంబ భూములలో మిగులును ప్రభుత్వానికి అప్పగించారు. అందరూ ఆ దారిన నడవలేదు.

ఇంతలో ముల్కీ వివాదం ముందుకు వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో 1919 నాటి నుండి ముల్కీ నిబంధనలు ఉన్నవి. పదిహేనేళ్ళు నివసించిన స్థానికులకే ప్రభుత్వోద్యోగాలు ఇవ్వాలన్నది వాటి సారాంశం. ఆ నిబంధనలు చెల్లవని రాష్ట్ర హైకోర్టు 1972 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. చెల్లుతాయని సుప్రీంకోర్టు అక్టోబరు 3న నిర్ణయించింది. తెలంగాణ నిరుద్యోగికి ఇది ఊరట. రాజధానిలో ఉద్యోగాలకు తాము పరాయివారమయ్యామన్న ఆవేదన కోస్తా, రాయలసీమ యువకులది. ఈ తీర్పును ముఖ్యమంత్రి స్వాగతించే ధోరణిలో మాట్లాడారన్న ఆగ్రహం అక్కడ వ్యాపించింది. ఆ ఆగ్రహం జై ఆంధ్ర ఉద్యమమైంది. కళాశాలలు మూతబడినవి, ఉద్యోగులు సమ్మెకు దిగారు, కాల్పులలో ప్రాణాలు పోయినవి. నవంబరులో కేంద్రం ప్రకటించిన పంచసూత్రాలు ఎవరినీ తృప్తిపరచలేదు. ఆంధ్ర ప్రాంతపు మంత్రులు రాజీనామా చేశారు.

ఈ ఉద్యమాన్ని భూస్వాములే రగిల్చారని కొందరు వ్రాశారు. ఆ మాట పూర్తిగా అంగీకరింపదగినది కాదు. వీధులలోకి వచ్చిన విద్యార్థికి భూమి లేదు, ఉద్యోగమే అతని చింత. మూడేళ్ళ క్రిందట తెలంగాణ విద్యార్థి చింత కూడ అదే. అయితే భూపరిమితి వల్ల నష్టపోనున్నవారికి ఈ అగ్ని ఉపయోగపడినదన్నది కాదనలేని విషయం. ముఖ్యమంత్రిని తొలగించాలన్న కోరికకు ప్రాంతీయ కారణం బయటికి చెప్పుకొనడానికి గౌరవంగా ఉంటుంది. భూమి పోతున్నదని చెప్పుకొంటే అంత గౌరవం ఉండదు. రెండు వేరు వేరు అసంతృప్తులు ఒకే తలుపును నెట్టినవి. లోపలివైపు నుండి ఆ తలుపును పట్టుకొని నిలిచేవారు ముఖ్యమంత్రికి లేకపోయారు.

1973 జనవరి 10న పి.వి. పదవి నుండి తప్పుకొన్నారు. భూపరిమితి చట్టానికి రాష్ట్రపతి సమ్మతి లభించి అప్పటికి పది దినాలు మాత్రమే. రాష్ట్రం రాష్ట్రపతి పాలన క్రిందికి వెళ్ళింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వెలువడి, డిసెంబరులో జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు.

చట్టం రద్దు కాలేదు. 1975 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. రైతులు తమ భూముల వివరాలతో ప్రకటనలు దాఖలు చేయాలి. ట్రిబ్యునళ్ళు వాటిని విచారించి మిగులును తేల్చాలి. వాటి మీద అప్పీలు, ఆపైన హైకోర్టు. ఒక్కొక్క మెట్టు వద్ద సంవత్సరాలు గడిచినవి. మేజరైన కొడుకులకు వేరుగా లెక్క కట్టాలన్న వాదనలు, వెనుకటి తేదీల పంపకాలు, బేనామీ పట్టాలు, మాగాణిని మెట్టగా చూపిన పహాణీలు – చట్టం తెలిసినవారికి చట్టం నుండి తప్పుకొనే దారులు కూడ తెలుసు. ఆశించినదానితో పోలిస్తే పేదలకు అందిన భూమి స్వల్పం. అందులోను సాగుకు పనికివచ్చేది ఇంకా స్వల్పం. అయినప్పటికీ కొన్ని ఊళ్ళలో జీతగాడుగా బ్రతికిన మనిషి పేరు మొదటిసారి పట్టాదారు గడిలో చేరింది. వెట్టి చేసిన చేతికి పట్టా కాగితం రావడాన్ని ఎకరాల లెక్కతో మాత్రమే తూచడం సరికాదు.

ఆ తరువాత నాలుగేళ్ళు పి.వి. మంథని సభ్యులుగానే ఉంటూ పార్టీ పనులు చూశారు. 1977లో హనుమకొండ నుండి లోక్‌సభకు ఎన్నికై రాష్ట్ర శాసనసభను విడిచారు. విదేశాంగ, హోం, రక్షణ, మానవవనరుల శాఖలను నిర్వహించడం, 1991లో ప్రధాని కావడం, ఆ పిదప నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడన్న అభిమానంతో తెలుగుదేశం పార్టీ ఆయనపై అభ్యర్థిని నిలుపకపోవడం – ఇవి మీరు చరిత్ర పుస్తకంలో చదివేవే. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు విధ్వంసాన్ని నివారింపలేకపోయినందుకు ఆయనపై వచ్చిన తీవ్ర విమర్శ కూడ ఆ చరిత్రలో భాగమే. ఆయన 2004 డిసెంబరు 23న కీర్తిశేషులయ్యారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలుగవచ్చు. 1972లో భూస్వాముల ఆస్తికి హద్దు గీసిన మనిషి, 1991లో పరిశ్రమలపై ప్రభుత్వపు హద్దులను ఎట్లా తొలగించాడు? సిద్ధాంతం మారిందని ఒక సమాధానం. నాకు మాత్రం పని చేసే పద్ధతి మారిందనిపిస్తుంది. 1972లో 219 మంది సభ్యుల బలం ఉన్నదని నమ్మి, చేయదలచినదానిని బహిరంగంగా ప్రకటించి, ఒకేసారి ముందుకు నడిచారు. 1991లో లోక్‌సభలో ఆయనకు పూర్తి ఆధిక్యం లేదు. ఆర్థిక నిపుణుని ముందు నిలిపి, తాను వెనుక నిలిచి, పాత మాటలను వదలకుండానే కొత్త పనులు చేశారు. హైదరాబాదులో పదవి పోయిన తీరు ఆయనకు మరువరానిదై ఉండాలి.

పదవీవిరమణ అనంతరం 1998లో ఆయన ఇంగ్లీషులో ఒక నవల ప్రచురించారు. 'లోపలి మనిషి' అన్న పేరుతో అది తెలుగులోకి వచ్చింది. ఏడువందల పుటలకు మించిన ఆ గ్రంథంలో అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, ఆనంద్ అనే యువ శాసనసభ్యుడు, వర్గాలుగా చీలిన మంత్రులు, భూసంస్కరణల కోసం జరిగిన పెనుగులాట కనిపిస్తాయి. దేశాన్ని ఐదేళ్ళు ఏలిన మనిషి తన కథను నవలగా చెప్పదలచుకొన్నపుడు, ప్రధానమంత్రిగా గడిపిన ఆ ఐదేళ్ళకు అందులో చోటు ఇవ్వలేదు.

కఠిన పదాలకు అర్థాలు

మాతామహుడు = తల్లి తండ్రి
నిష్ణాతుడు = మిక్కిలి నేర్పు గలవాడు
కచేరి = ప్రభుత్వ కార్యాలయం
పహాణీ, అడంగల్ = ఏ భూమిని ఎవరు సాగుచేస్తున్నారో తెలిపే గ్రామ లెక్క
తరి = నీటిపారుదల గల భూమి, మాగాణి
ఖుష్కి = వానపై ఆధారపడిన భూమి, మెట్ట
బేనామీ = అసలు యజమాని పేరు దాచి మరొకరి పేరిట ఉంచిన
వెట్టి = కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించే చాకిరి

ప్రశ్నలు

1. అధికార భాషా చట్టం అమలులో ఎదురైన ఇబ్బందులను, తెలుగు అకాడమి చేపట్టిన పనులతో అన్వయించి వివరించండి.
2. 1961, 1973 నాటి భూపరిమితి చట్టాల మధ్య గల భేదాలేవి? రెండవ చట్టానికి ముందు బదలాయింపులను నిషేధించడం ఎందుకు అవసరమైంది?
3. 'రెండు వేరు వేరు అసంతృప్తులు ఒకే తలుపును నెట్టినవి' – సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి.
4. పి.వి. అనువదించిన రెండు నవలల ఎంపికను గూర్చి వ్యాసకర్త చేసిన వ్యాఖ్యతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.
5. మీ గ్రామంలోగాని, సమీప గ్రామంలోగాని భూసంస్కరణల వల్ల భూమి పొందిన కుటుంబాల అనుభవాలను పెద్దలను అడిగి తెలిసికొని ఒక పుటలో వ్రాయండి.